ఐదు చాట్‌లు ఒకే నల్ల తెర మీదకి: 2 జీబీ ల్యాప్‌టాప్‌లో కుదురుతుందా?

కొట్టు_గుమాస్తా · గుంటూరు · మే 19, ఉదయం 10:12

అందరికీ నమస్కారమండి. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో లెక్కలు చూస్తాను. యార్డుకు వేసవి సెలవులిచ్చారు. మళ్లీ తెరిచేలోపు ఈ పని చక్కబెట్టుకుందామని ఇక్కడికొచ్చాను.

మా రైతులందరూ వాట్సాప్. పై రాష్ట్రాల కొనుగోలుదారుల్లో ముగ్గురు టెలిగ్రామ్ తప్ప వాడరు. కోల్డ్ స్టోరేజీ అబ్బాయి మెసెంజర్‌లో ఉంటాడు. ఎగుమతి చేసే కంపెనీ ఒకటి తన సొంత జాబర్ (ఎవరైనా నడుపుకోగల చాట్ పద్ధతి) సర్వర్‌లో మాకు ఖాతా ఇచ్చింది. ఇవి కాక, సాయంత్రం పూట నేను కూర్చునే లినక్స్ ఐఆర్‌సీ (ఉత్త అక్షరాలతో నడిచే పాతకాలపు చాట్) గది. కొట్లో ఉన్నదేమో 2 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. బ్రౌజర్‌లో మూడో ట్యాబు తెరిస్తే మౌసు బాణం కూడా కదలదు.

మార్చిలో జరిగింది చెప్తాను. తేజ రకం మిర్చి, 60 టిక్కీలు (బస్తాలు). కాటా దగ్గర నుంచి వచ్చిన తూకాలు రైతుకు వాట్సాప్‌లో పంపిస్తున్నా. అదే సమయంలో టెలిగ్రామ్‌లో ఒక కొనుగోలుదారు అంతకుముందు చెప్పిన రేటు మీద పెంచి మెసేజ్ పెట్టాడు. ఇరవై నిమిషాల తర్వాత చూశాను. అప్పటికే సరుకు పాత రేటుకు వేరేవాళ్లకు మాటిచ్చేశాం. రైతు ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆయన నష్టం నా తెర మీద జరిగింది.

టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు కొట్టే నల్ల తెర మీద, నడిచే ఒకే క్లయింట్‌లో (చాట్ ప్రోగ్రాములో) ఇవన్నీ కలపొచ్చని ఎప్పుడో విన్నాను. నిజంగా కుదురుతుందా? ఎవరైనా రోజూ వాడుతున్నారా?

మూడో_సంవత్సరం · కానూరు · మే 19, ఉదయం 10:40

అన్నా, ఫించ్ చూడండి. చాట్‌లన్నిటినీ ఒకచోట చూపే పిడ్జిన్ తెలుసు కదా, 2007 దాకా గెయిమ్ అని పిలిచేవాళ్లు. దానికి అన్నదమ్ముడి లాంటిది ఫించ్. లోపల ఉన్న లైబ్రరీ ఒకటే, లిబ్‌పర్పుల్. పైన మాత్రం బొమ్మలకు బదులు అక్షరాలతో గీసిన కిటికీలు. ఆల్ట్ పట్టుకుని ఎన్ కొడితే తర్వాతి కిటికీ, ఏ కొడితే మెనూ. మౌసు ముట్టుకోనక్కర్లేదు.

నల్లతెర · సత్యనారాయణపురం, విజయవాడ · మే 19, మధ్యాహ్నం 1:05

గుమాస్తా గారూ, రోజూ వాడేవాణ్ణి ఒకణ్ణి ఉన్నాను. పదేళ్లు దాటింది.

ఫించ్ మంచిదే కానీ కిటికీ మీద కిటికీ పడుతుంది. మీరు చెప్పిన ఇబ్బందే అది. ఒకదాని వెనక ఇంకొకటి దాక్కోవడం వల్లే కదా రేటు కనపడలేదు! మీకు కావాల్సింది బిట్ల్‌బీ, దానికి తోడు ఇర్సీ అనే ఐఆర్‌సీ క్లయింట్.

బిట్ల్‌బీ 2002 నుంచి ఉంది. అది క్లయింట్ కాదు, మీ ల్యాప్‌టాప్ లోపల కూర్చునే చిన్న ఐఆర్‌సీ సర్వర్. అవతల వైపు జాబర్‌తో జాబర్ భాషలో, ఇంకొకరితో ఇంకో భాషలో మాట్లాడుతుంది. ఇవతల మీకు మాత్రం అందరూ ఒకే ఐఆర్‌సీ గదిలో కూర్చున్నట్టు చూపిస్తుంది. ఆ గదిలో ‘రూట్’ అనే పేరుతో ఒకడుంటాడు. మనిషి కాదు, బిట్ల్‌బీయే. మీరు ఏం చేయాలన్నా అతనితో మాట్లాడినట్టే చెప్పాలి. నాకు మొదటి రోజే నచ్చింది అది. సెట్టింగుల పేజీలు లేవు, అడిగితే జవాబిస్తాడు.

ఇర్సీని 1999లో రాసింది ఫిన్లాండ్‌కు చెందిన టిమో సిరైనెన్. ప్రపంచమంతా మెయిల్ సర్వర్లలో వాడే డవ్‌కాట్ కూడా ఆయన చేతి పనే. ఐఆర్‌సీ పుట్టింది కూడా ఫిన్లాండ్‌లోనే, 1988లో, ఊలు అనే ఊళ్లో.

పద్ధతి ఇది. ఆదేశాలు పలికినట్టు రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. డెబియన్‌లోనో ఉబుంటులోనో రెండూ ప్యాకేజీలుగా దొరుకుతాయి. ఇర్సీ తెరిచి, లోకల్‌హోస్ట్‌కు, అంటే మీ ల్యాప్‌టాప్‌కే, 6667 పోర్టులో కనెక్ట్ అవ్వండి. రూట్ పలకరిస్తాడు. ‘రిజిస్టర్’ అని చెప్పి మీకంటూ ఒక పాస్‌వర్డ్ పెట్టుకోండి. తర్వాత ‘అకౌంట్ యాడ్ జాబర్’, దాని పక్కన మీ జాబర్ చిరునామా. ఆపైన ‘అకౌంట్ ఆన్’. చివర్లో ‘సేవ్’ మర్చిపోకండి. ఒక్క నిమిషంలో మీ పరిచయస్తులు ఒక్కొక్కరే గదిలోకి వచ్చి కూర్చోవడం కనిపిస్తుంది. పేరు ముందు కూడిక గుర్తు ఉంటే మనిషి ఆన్‌లైన్‌లో ఉన్నట్టు, లేకపోతే పక్కకెళ్లినట్టు. ఒకరితో మాట్లాడాలంటే పేరు కొట్టి, రెండు చుక్కలు పెట్టి, విషయం రాయడమే.

మీ 60 టిక్కీల విషయానికి మందు కూడా ఇందులోనే ఉంది. ఇర్సీలో హైలైట్ అని ఒక ఆదేశం. ‘తేజ’, ‘రేటు’, ‘క్వింటా’ అని మూడు మాటలు దానికిస్తే, అవి ఎవరి మెసేజ్‌లో వచ్చినా ఆ వరుస రంగు మారుతుంది, కింద బార్‌లో ఆ కిటికీ నంబరు వెలుగుతుంది. ఎవరు పంపారన్నది కాదు, ఏం పంపారన్నది ముందు కంటపడుతుంది.

బ్రాడీపేట_నాలుగోలైను · గుంటూరు · మే 19, రాత్రి 9:30

నల్లతెర గారు చెప్పినదానికి నా వయసు వాడి మాట ఒకటి కలుపుతాను.

మా తరం చూసిన చాట్‌లు ఒక్కొక్కటే ఎలా పోయాయో వరసగా చెప్పగలను. ఎంఎస్‌ఎన్ మెసెంజర్‌ని 2013లో స్కైప్‌లో కలిపేశారు. ఏఐఎమ్ 2017 డిసెంబర్ 15న ఆగింది. యాహూ మెసెంజర్ 2018 జులై 17న. అందరికన్నా ముందు, 1996లో మొదలైన ఐసీక్యూ 2024 జూన్ 26న మూతపడింది. గూగుల్ టాక్ 2005లో వచ్చినప్పుడు జాబర్ భాషే మాట్లాడేది, బయటి క్లయింట్లన్నిటికీ తలుపు తెరిచి ఉండేది. తర్వాత ఆ తలుపూ మూశారు. ఫేస్‌బుక్ చాట్‌కు కూడా 2010 నుంచి 2015 దాకా అలాంటి ద్వారమే ఒకటి ఉండేది. స్లాక్ తన ఐఆర్‌సీ ద్వారాన్ని 2018 మే 15న తీసేసింది.

వీటన్నిటి మధ్య నాకు మిగిలింది నా డిస్కులో ఉన్న లాగ్ ఫైళ్లు. 2006 నుంచి బిట్ల్‌బీలోనే ఉన్నాను కాబట్టి ఏ కంపెనీ చాట్ అయినా నా దగ్గర మామూలు అక్షరాల ఫైలుగానే పడింది, రోజుకొకటి. మొన్న సంక్రాంతి తర్వాత మా స్థలం రిజిస్ట్రేషన్‌కు పాత కొలతలు కావాల్సి వచ్చాయి. 2011లో మా బావమరిది డల్లాస్ నుంచి యాహూలో పంపాడని మాత్రం గుర్తుంది. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ ఆదేశంతో ‘తూర్పు’ అనే మాట వెతికాను, అప్పట్లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లం. వెంటనే వచ్చింది: తూర్పు 33 అడుగులు, ఉత్తరం 61, పడమర గోడ మనదే. యాహూ మెసెంజర్ లేదు, ఆ వాక్యం ఉంది.

యాప్‌లు మారుతున్నాయని నేను బాధపడటంలేదు. మాట్లాడిన మాట ఎవరి ఇంట్లో ఉంటుందన్నదే నాకు పట్టింపు.

పటమట_అక్క · విజయవాడ · మే 20, ఉదయం 7:50

గుమాస్తా గారూ, అందరూ మీకు ఉత్సాహం ఇస్తున్నారు, నేను జాగ్రత్త చెప్తాను. నెట్‌వర్కులన్నీ ఒకటి కావు. విడివిడిగా చూడండి.

జాబర్, ఐఆర్‌సీ బహిరంగ ప్రోటోకాల్‌లు. ఏ క్లయింట్‌తో వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. జాబర్‌ను 1999లో జెరెమీ మిల్లర్ బయటపెట్టారు, 2004లో ఎక్స్‌ఎమ్‌పీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణమైంది.

టెలిగ్రామ్ సర్వర్ వాళ్లదే అయినా, బయటి క్లయింట్లు రాసుకోవడానికి వాళ్లే అనుమతిస్తారు. టీడీలిబ్ అనే లైబ్రరీని 2018లో వాళ్లే విడుదల చేశారు. కాబట్టి టెర్మినల్ నుంచి వాడినా భయం లేదు.

వాట్సాప్ అలా కాదు. అనుమతి లేని క్లయింట్ వాడటం వాళ్ల నిబంధనలకు విరుద్ధం. టెర్మినల్ దారులు ఉన్నాయి. ఎన్‌చాట్ అనే ప్రోగ్రాములో టెలిగ్రామ్, వాట్సాప్ రెండూ వస్తాయి, క్యూఆర్ కోడ్ అక్షరాలతోనే తెర మీద గీస్తుంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే సరిపోతుంది. మేట్రిక్స్ అనే మరో బహిరంగ చాట్ సర్వర్ పెట్టుకుని, మెసేజ్‌లను అటూ ఇటూ మార్చే బ్రిడ్జ్ మధ్యలో కట్టే పద్ధతీ ఉంది. ఇవన్నీ వాట్సాప్ వెబ్ లాగా నటిస్తూ లింక్డ్ డివైస్‌గా చేరతాయి. ఫోన్ కాక మరో నాలుగు పరికరాల దాకా లింక్ చేసుకోవచ్చు, ఫోన్‌ని 14 రోజులు వాడకుండా వదిలేస్తే అవి లాగౌట్ అయిపోతాయి.

నాకు జరిగింది చెప్తాను, ఏ నెట్‌వర్కో పేరు వద్దు. అనధికార లైబ్రరీ ఒకటి పెట్టి, నా సొంత నంబరుతోనే ప్రయోగాలు చేశాను. ఒకరోజు ఉదయం ఖాతా ఆగిపోయింది. మా అమ్మాయి స్కూలు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆఫీసు గ్రూపు అన్నీ ఒకేసారి పోయాయి. అప్పీలు పెట్టి తిరిగి తెచ్చుకునేసరికి పదకొండు రోజులు పట్టింది. ఇంట్లో మనిషిని కాబట్టి తట్టుకున్నాను. మీ నంబరుకు రైతులు సరుకు పంపుతారు. సీజన్‌లో పదకొండు రోజులు ఆ నంబరు పలకకపోతే?

ఇంకొకటి. బ్రిడ్జ్ పెడితే మెసేజ్ గుట్టు విప్పేది ఆ బ్రిడ్జ్ నడిచే మెషిన్‌లోనే. అందుకని ఎవరో ఉచితంగా నడిపే బ్రిడ్జ్‌లో మీ వ్యాపారం మాటలు పెట్టకండి. పెడితే మీ సొంత మెషిన్‌లోనే.

కొట్టు_గుమాస్తా · గుంటూరు · మే 20, ఉదయం 11:20

అక్కా, మీరు చెప్పాక వాట్సాప్ పక్కన పెట్టాను. ముందు జాబర్, ఐఆర్‌సీ రెండూ పెడతాను. నల్లతెర గారూ, సాయంత్రానికి చేసి చెప్తా.

చెవితో_చదువు · లక్ష్మీపురం, గుంటూరు · మే 20, మధ్యాహ్నం 3:15

నాకు చూపు లేదు. చాట్‌లన్నీ టెర్మినల్‌లో కలుపుకుని ఏడేళ్లు అవుతోంది. ఈ చర్చలో నా అనుభవం ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

కొత్త యాప్ ప్రతి నవీకరణలో బటన్లు జరుపుతుంది. కిందటి వారం పేరు చదివి వినిపించిన బటన్ ఈ వారం ‘బటన్’ అని మాత్రమే పలుకుతుంది. ఏ బటనో ఎవరైనా చూసి చెప్తే తప్ప తెలియదు. ఇర్సీలో అలాంటిది లేదు. మెసేజ్ వస్తే కింద ఒక వరుస చేరుతుంది, తెర చదివే ఓర్కా ప్రోగ్రాము దాన్ని చదువుతుంది, ఈస్పీక్ తెలుగు గొంతు పలుకుతుంది. అంతే. ఒక్క ఇబ్బంది వచ్చింది: స్టేటస్ బార్‌లో గడియారం నిమిషం మారినప్పుడల్లా అదీ చదివేది. దాన్ని తీసేయించాను.

ఫించ్ నాకు పనికిరాలేదు. గీతలతో గీసిన కిటికీల అంచులు, వెనక కిటికీలో మాటలు, ముందు కిటికీలో మాటలు కలిసి వినిపిస్తాయి. ఒకే తెర, ఒకే వరస ఉన్నదే చెవికి సుఖం.

ఇప్పుడు నా అక్కాచెల్లెళ్లు, నా విద్యార్థులు, ఆఫీసు వాళ్లు ఎవరు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నారో గుర్తుపెట్టుకోను. పేరు కొడతాను, మాట్లాడతాను.

కొట్టు_గుమాస్తా · గుంటూరు · మే 20, రాత్రి 10:48

చేశాను. రూట్ పలకరించాడు! జాబర్‌లో ఎగుమతి కంపెనీ వాళ్లు ఆరుగురు కూడిక గుర్తుతో వచ్చి కూర్చున్నారు. పక్క కిటికీలో లినక్స్ గది. ర్యామ్‌లో దీని వాటా వెతికితే తప్ప కనపడటంలేదు.

కానీ తెలుగు పాడైపోతోంది. కంపెనీలో అకౌంట్స్ చూసే ఆవిడ తెలుగులోనే రాస్తారు. ‘స్టాక్ గుంటూరు నుంచి వచ్చింది’ అని పంపితే వత్తులు పక్కకు జరిగి, కొమ్ములు విడిగా పడి, ‘వచ్చింది’లో చ వత్తు అసలు కిందకే దిగలేదు. టైపు చేసేటప్పుడు కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. తెర బొమ్మ జతచేశాను, చూడండి.

పర్యవేక్షకుడు · మే 20, రాత్రి 11:02

గుమాస్తా గారూ, బొమ్మ తీసేశాను. పై వరుసలో మీరు రూట్‌కు ఇచ్చిన పాస్‌వర్డ్ స్పష్టంగా కనిపిస్తోంది. వెంటనే మార్చుకోండి.

నల్లతెర · సత్యనారాయణపురం · మే 20, రాత్రి 11:25

తప్పు నాది గుమాస్తా గారూ, ముందే చెప్పాల్సింది. పాస్‌వర్డ్ గదిలో మాటలాగా కొడితే తెర మీదా ఉంటుంది, లాగ్ ఫైల్లోకీ వెళ్తుంది. పాస్‌వర్డ్ ఇవ్వకుండా ‘అకౌంట్ యాడ్’ చేస్తే రూట్ ‘ఓపర్’ అనే ఆదేశంతో ఇవ్వమంటాడు. అలా ఇస్తే ఎక్కడా రాయబడదు. పాస్‌వర్డ్‌లు మార్చి, ఈ రోజు లాగ్ ఫైలు తెరిచి ఆ వరుసలు చెరిపేయండి.

ఇక తెలుగు సంగతి. టెర్మినల్ గళ్ల నోటుబుక్కు లాంటిది. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న లెక్క మీద పుట్టింది, ఇంగ్లీషుకు ఆ లెక్క సరిపోతుంది. మన ‘గుంటూరు’ తీసుకోండి. కంటికి మూడక్షరాలు: గుం, టూ, రు. యూనికోడ్‌లో ఏడు ముక్కలు: గ, కొమ్ము, సున్న, ట, దీర్ఘపు కొమ్ము, ర, కొమ్ము. ‘స్త్రీ’ ఇంకా కష్టం. కంటికి ఒకే అక్షరం, లోపల ఆరు ముక్కలు. ఈ ముక్కలను కలిపి ఒక రూపం చేయడానికి షేపింగ్ కావాలి, అది బ్రౌజర్‌కు వచ్చు, చాలా టెర్మినళ్లకు రాదు. వచ్చినా, ఆ రూపం ఎన్ని గళ్లు తినాలో టెర్మినల్‌కు ఒక లెక్క, లోపల నడిచే ఇర్సీకి ఇంకో లెక్క ఉంటే కర్సర్ దారి తప్పుతుంది. మీరు చూసింది అదే.

చెవితో_చదువు · లక్ష్మీపురం · మే 21, ఉదయం 6:40

ఇది చదివి ఆగిపోయాను. నా టెర్మినల్‌లో తెలుగు ముక్కలవుతుందని ఇన్నేళ్లలో నాకు తెలియదు. ఆ వాక్యమే నా ఇర్సీలోకి పంపుకుని విన్నాను. ‘వచ్చింది’ అనే పలికింది, వత్తుతో సహా.

అంటే మాట చెడిపోలేదు గుమాస్తా గారూ. బైట్లు సరిగ్గానే చేరుతున్నాయి, గీసే చేయి మాత్రం తడబడుతోంది. లాగ్‌లో కూడా సరిగ్గానే ఉంటుంది, నిశ్చింతగా ఉండండి.

మూడో_సంవత్సరం · కానూరు · మే 21, ఉదయం 9:10

నేను కూడా నిన్న రాత్రి రాస్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ మీద పెట్టాను. నాకింకోటి తగిలింది. మా అమ్మకు పెద్ద తెలుగు మెసేజ్ పంపితే రెండు ముక్కలై వెళ్లింది. అదే పొడవు ఇంగ్లీషు మెసేజ్ ఒకటిగానే వెళ్లింది. తెలుగుకే ఎందుకిలా?

పటమట_అక్క · విజయవాడ · మే 21, ఉదయం 9:35

తమ్ముడూ, ఐఆర్‌సీలో ఒక వరుసకు 512 బైట్లే హద్దు, వరుస ముగింపు గుర్తులతో కలిపి. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగు ముక్క ఒక్కోటీ మూడు బైట్లు. పైన చెప్పిన ‘గుంటూరు’ 21 బైట్లు తింటుంది. వరుసంతా నీదే అయినా 170 ముక్కలకు మించి పట్టవు. అందులో ఆదేశానికి, పేర్లకు కూడా చోటు పోతుంది. ఇంగ్లీషు వాడికి ఉన్న చోటులో మూడో వంతు మనకు.

బిట్ల్‌బీలో ‘పేస్ట్ బఫర్’ అనే సెట్టింగ్ ఉంది, ఆన్ చేస్తే వెంటవెంటనే వచ్చిన వరుసలను కలిపి అవతలికి ఒకే మెసేజ్‌గా పంపుతుంది. పంపడంలో క్షణం ఆలస్యమవుతుంది, అంతే.

సింగ్‌నగర్_మేడ · విజయవాడ · మే 21, రాత్రి 8:05

ఇన్ని రోజులు చదువుతూ ఉన్నాను, ఇవాళ రాస్తున్నాను.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా కింది వాటా నీళ్లలో ఉంది, పైన మేడ మీద మూడు కుటుంబాలం. కరెంటు లేదు. సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియోలు, ఫోటోలు క్యూలో నిలబడి, అసలు మెసేజ్‌లు తిరుగుతూనే ఉన్నాయి. బొమ్మల డౌన్‌లోడు ఆపేయాలని ఆ కంగారులో తోచలేదు.

నాకు ఒక అద్దె సర్వర్ ఉంది. అందులో టీమక్స్ (లైను తెగినా ప్రోగ్రాములను నడుపుతూ ఉంచేది) లోపల వీచాట్ (ఇర్సీ లాంటి క్లయింట్) ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. ఆఫీసు వాళ్ల జాబర్, అన్నయ్య వాళ్ల టెలిగ్రామ్ అందులోకే వస్తాయి. ఫోన్‌లో టర్మక్స్ అనే టెర్మినల్ యాప్ తెరిచి మోష్‌తో సర్వర్‌కు వెళ్లాను. మోష్ గురించి తెలియని వాళ్లకు: దూరపు సర్వర్‌కు మామూలుగా వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లైను తెగితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మోష్ యూడీపీ మీద నడుస్తుంది, లైను పోయినా, ఐపీ మారినా, తిరిగి రాగానే ఆగిన చోటి నుంచే పట్టుకుంటుంది. పైగా తెరలో మారిన అక్షరాలు మాత్రమే వస్తాయి. ఒక గీత సిగ్నల్‌కు అది సరిపోయింది.

మా అన్నయ్యకు ‘మేడ మీద పదకొండు మందిమి, ఇద్దరు పిల్లలు, పాలు, మంచినీళ్లు కావాలి, రామాలయం వెనక సందు’ అని కొట్టాను. వెళ్లినట్టు వెంటనే కనిపించింది. ఆయన అక్కడి నుంచి పడవల వాళ్లతో మాట్లాడాడు. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చిందని కూడా ఆ నల్ల తెర మీదే చదివాం. తెర వెలుగు తగ్గించి, గంటకొకసారి మాత్రమే తెరిచి, ఫోన్‌ని రెండో రోజు సాయంత్రం దాకా లాగాను.

గుమాస్తా గారూ, మీ ల్యాప్‌టాప్‌లో కాకుండా ఎప్పుడూ వెలిగి ఉండే మెషిన్ ఒకదాంట్లో పెట్టుకోండి, అది రాస్‌బెర్రీ పై అయినా సరే. కొట్లో కరెంటు పోయినా మీ గదులు ఖాళీ కావు.

నల్లతెర · సత్యనారాయణపురం · మే 21, రాత్రి 9:00

మేడ గారూ, మీరు ఒడ్డున పడ్డారని ఇప్పుడు తెలియడమే నాకు కొండంత ఊరట. ఆ మూడు రోజులు మా వీధి నుంచి అన్నం పొట్లాలు కట్టి పంపాం, ఎవరికి చేరాయో తెలియదు.

మీరు వీచాట్ అన్నారు కాబట్టి గుమాస్తా గారి తెలుగుకు దారి దొరికింది. వీచాట్‌ను 2003లో సెబాస్టియన్ ఎల్యూ మొదలుపెట్టారు. దానికి రిలే అనే సదుపాయం ఉంది. అసలు క్లయింట్ టెర్మినల్‌లోనే నడుస్తుంది, గ్లోయింగ్ బేర్ అనే పేజీని బ్రౌజర్‌లో తెరిస్తే అవే కిటికీలు అక్కడ కనిపిస్తాయి. గీసేది బ్రౌజర్ కాబట్టి వత్తులు, గుణింతాలు చక్కగా పడతాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌కు విడిగా వీచాట్ యాప్ ఉంది. గుమాస్తా గారూ, ఇర్సీ బదులు వీచాట్ పెట్టండి, బిట్ల్‌బీ అలాగే ఉంచండి. హైలైట్ మాటలు ఇందులోనూ పెట్టుకోవచ్చు.

ఈమాక్స్ ఎడిటర్ అలవాటున్న వాళ్లకు మరో దారి. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ లైబ్రరీతో గీస్తుంది కాబట్టి దాని కిటికీలో తెలుగు ముద్దుగా ఉంటుంది, లోపలి ఈఆర్‌సీ అనే ఐఆర్‌సీ క్లయింట్‌తో నేరుగా బిట్ల్‌బీకి వెళ్లొచ్చు.

కొట్టు_గుమాస్తా · గుంటూరు · మే 27, రాత్రి 9:55

వారం వాడి చూసి రాస్తున్నాను.

కొట్లో పాత రౌటర్ పక్కన రాస్‌బెర్రీ పై ఒకటి, చిన్న యూపీఎస్ మీద. దాంట్లో టీమక్స్. ఎడమ సగంలో వీచాట్: జాబర్, ఐఆర్‌సీ. కుడి సగంలో ఎన్‌చాట్, టెలిగ్రామ్ మాత్రమే. కోల్డ్ స్టోరేజీ అబ్బాయిని అడిగితే తనూ టెలిగ్రామ్‌కు వచ్చేశాడు. తెలుగు చదవాల్సి వస్తే గ్లోయింగ్ బేర్ ఒక్క ట్యాబు. అకౌంట్స్ ఆవిడ పంపిన ‘వచ్చింది’ కింద చ వత్తు తన చోట తను కూర్చుంది.

రైతుల వాట్సాప్ మాత్రం ఇందులో కలపలేదు. అక్క చెప్పిన భయం ఒకటే కాదు. పాత మెసేజ్‌లు వెనక్కి వెళ్లి చూశాను. నెల రోజుల్లో మా రైతులు రాసిన అక్షరాలు చాలా తక్కువ. అన్నీ గొంతు మెసేజ్‌లు, కల్లంలో ఆరబోసిన కాయ ఫోటోలు. ‘అన్నా, కాయ రంగు చూడు, తాలు తీసేశాం, ఎంత పలుకుద్ది’ అని గొంతులోనే అడుగుతారు. ఎన్‌చాట్‌లో జోడింపును బయటి ప్రోగ్రాముతో తెరవొచ్చు కానీ ఎరుపు ముదురో లేతో ఫోన్ తెర మీద చూసి చెప్పాల్సిందే. అందుకని కాటా పక్కన గోడకు స్టాండు బిగించి ఆ ఫోన్ అక్కడే పెట్టాను. ఇప్పుడు నా కళ్లు రెండు చోట్లే తిరగాలి, ఐదు చోట్ల కాదు.

రేట్ల మాటలన్నీ నల్ల తెర మీద. ‘తేజ’ అని ఎవరు అన్నా వరుస పసుపుగా మారుతోంది. బెల్ మోగేలా కూడా పెట్టాను.

చెవితో_చదువు · లక్ష్మీపురం · మే 27, రాత్రి 10:20

ఆ గొంతు మెసేజ్‌లు నాకు పంపగలిగితే పంపండి, పేర్లు నంబర్లు తీసేసి. పొలం మాట విని చాలా కాలమైంది. మీరు వాటిని ఫైళ్లుగా దాచుకునే పద్ధతి కూడా చెప్తాను, తేదీ పేరుతో పెడితే రేపు వెతుక్కోవడం తేలిక.

కొట్టు_గుమాస్తా · గుంటూరు · మే 27, రాత్రి 10:41

రైతును అడగకుండా ఆయన గొంతు పంపలేనండి. అడిగి, ఒప్పుకున్న వాళ్లవి పంపుతాను. ఇద్దరు ముగ్గురు సంతోషంగా ఒప్పుకుంటారు.

నల్లతెర గారూ, ఒక్కటి మిగిలిపోయింది. రాస్‌బెర్రీ పై దానంతటది రీస్టార్ట్ అయితే టీమక్స్, వీచాట్ వాటంతటవి లేవడంలేదు. ఆదివారం బెజవాడలో పెళ్లి ఉంది, పెళ్లయ్యాక రాస్‌బెర్రీ పైని సంచిలో పెట్టుకుని మీ సత్యనారాయణపురం రానా?

నల్లతెర · సత్యనారాయణపురం · మే 27, రాత్రి 10:50

తప్పకుండా రండి. మెషిన్ లేవగానే ప్రోగ్రాములను లేపే సిస్టమ్‌డీలో చిన్న సర్వీసు ఫైలు రాస్తే అయిపోతుంది, పావుగంట పని. మూడో_సంవత్సరం తమ్ముణ్ణి కూడా రమ్మంటున్నాను, తన రాస్‌బెర్రీ పైకీ అదే చేద్దాం. భోజనం పెళ్లిలో చేసి రండి, టీ నాది.